అమెరికా విప్లవ యుద్ధకాలపు ఉత్తరాలు: అపోహలు – వాస్తవాలు

1775 నుంచి 1783 దాకా బ్రిటన్‌తో సాగిన అమెరికా విప్లవ యుద్ధంలో సేనాపతులు, రాయబారులు రాసుకున్న ఉత్తరాలను ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో అచ్చుపాఠాలు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో అమెరికా సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్ కాగితాల ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి. చిక్కంతా చదివే తీరులోనే ఉంది. పైన తేదీ, కింద సంతకం చూసుకుని "ఫలానా రోజున ఫలానాయన ఇలా అన్నాడు" అని రాసేస్తుంటారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ రెండింటికంటే ముందు వేరే సంగతులు చూస్తారు. ఇది చిత్తా, సాఫు ప్రతా, నకలా? దస్తూరి ఎవరిది? ఏ దారిన వెళ్లింది? ఎప్పుడు చేరింది?

అపోహ: వాషింగ్టన్ పేరుతో ఉన్నవన్నీ ఆయన స్వయంగా రాసినవే.

చాలావాటిలో ఆయనది సంతకం మాత్రమే. ప్రధాన స్థావరంలో పని ఇలా నడిచేది: చెప్పాల్సిన విషయం ఆయన నోటిమాటగానో, నాలుగు ముక్కలు రాసో ఇచ్చేవాడు. ఏడీసీ, అంటే సేనాపతి వెంట ఉండే సహాయక అధికారి ఒకరు చిత్తు రాసేవారు. ఆయన దిద్దేవాడు. ఆ తర్వాత సాఫు ప్రతి తయారై సంతకానికి వచ్చేది. పంపింది వెళ్లిపోతే చిత్తు ఆఫీసులో మిగిలేది. 1777 మార్చి 1న చేరిన అలెగ్జాండర్ హామిల్టన్, టెంచ్ టిల్గ్‌మన్, రాబర్ట్ హాన్సన్ హారిసన్ దస్తూరిలే ఈ చిత్తుల్లో పదేపదే కనిపిస్తాయి. వాషింగ్టన్‌కు ఫ్రెంచి రాదు కాబట్టి ఫ్రెంచి సేనానుల ఉత్తరాలు కూడా ఈ సహాయకుల అనువాదాల్లోనే ఆయనకు అందేవి. అనువాదంలో ఏదైనా జారిపోతే ఆయన జవాబులోనూ అది జారిపోయినట్టే.

1781లో రిచర్డ్ వేరిక్ అనే అధికారిని పెట్టి పాత కాగితాలన్నింటికీ నకళ్లు రాయించారు. పొకీప్సీ ఊళ్లో గుమస్తాలు కూర్చుని 1783 నాటికి 44 సంపుటాలు పూర్తిచేశారు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, చదవడం తేలిక. అందుకే కొత్తవాళ్లు నేరుగా వాటి మీద పడతారు. కానీ అవి చాలావరకు చిత్తులకు నకళ్లు. తేదీలో ఒక అంకె మారినా, పేరు తప్పుపడినా అక్కడే మారుతుంది. అవతలివాడు ఏం చదివాడో కావాలంటే అతనికి చేరిన ప్రతి చూడాలి. వాషింగ్టన్ మొదట ఏమనుకుని ఏం మార్చుకున్నాడో కావాలంటే చిత్తులోని కొట్టివేతలు చూడాలి. రెండూ దొరక్కపోతేనే వేరిక్ నకలు.

అచ్చయినంత మాత్రాన అసలుదని కూడా నమ్మకూడదు. 1777లో లండన్‌లో వాషింగ్టన్ పేరిట కొన్ని ఉత్తరాలు అచ్చేశారు. ఆయన సేవకుడి దగ్గర దొరికాయని ప్రచారం చేశారు. అన్నీ కూటసృష్టే. 1797 మార్చి 3న, అధ్యక్ష పదవి దిగిపోయే ముందు, అవి తనవి కావని ఆయన రాతపూర్వకంగా ప్రకటించాల్సి వచ్చింది.

అపోహ: ఉత్తరం అంటే ఒకే కాగితం. పట్టుబడేలా ఉంటే సముద్రంలో పారేస్తే సరి.

ఫ్రాన్స్‌లోని అమెరికా రాయబారులు ముఖ్యమైన ప్రతి ఉత్తరాన్నీ రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు ప్రతులు రాయించి వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఏది ముందు చేరుతుందో, ఏది అసలు చేరదో తెలియదు. ఒక్కోసారి రెండో ప్రతిలో కొత్త వార్త చేర్చి పంపేవారు. అందుకే ఒకే తేదీ ఉన్న రెండు ప్రతులు మక్కికి మక్కిగా ఉంటాయని అనుకోవద్దు.

ఇక సముద్రంలో పారేయడం. శత్రువు దగ్గరపడితే విసిరేయడానికి కాగితాల మూటకు బరువు కట్టి ఉంచడం ఆనవాయితీ. 1780 సెప్టెంబర్‌లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర అమెరికా రాయబారి హెన్రీ లారెన్స్ ప్రయాణిస్తున్న మెర్క్యురీ ఓడను బ్రిటిష్ యుద్ధనౌక వెస్టల్ పట్టుకుంది. అప్పు కోసం హాలండ్ వెళ్తున్నాడాయన. కాగితాలను సంచిలో వేసి, ఇనుప గుండ్లు కలిపి విసిరేయించాడు. బరువు చాలలేదు, సంచి వెంటనే మునగలేదు. బ్రిటిష్ నావికులు కొక్కెం వేసి పైకి లాగేశారు. అందులో డచ్చివారితో 1778లో అనధికారికంగా తయారుచేసుకున్న ఒప్పందం చిత్తు ఉంది. దాన్నే కారణంగా చూపి ఆ డిసెంబర్‌లో బ్రిటన్ హాలండ్‌పై యుద్ధం ప్రకటించింది. లారెన్స్ 1781 ఆఖరు దాకా లండన్ టవర్‌లో బందీ.

మూట భద్రంగా చేరినా పండగ చేసుకోవడానికి లేదు. 1777లో పారిస్ నుంచి బయల్దేరిన ఒక మూటలోని కాగితాలను జోసెఫ్ హిన్సన్ అనే కెప్టెన్ బ్రిటిష్‌వారి కోసం కాజేసి, బదులుగా తెల్లకాగితాలు పెట్టాడు. పాపం, మోసుకెళ్లిన జాన్ ఫోల్జర్‌కు ఆ సంగతి తెలియదు. అమెరికా పాలక సభ కాంగ్రెస్ విప్పి చూస్తే అన్నీ ఖాళీ కాగితాలే.

అపోహ: సంకేత లిపిలో రాస్తే గుట్టు భద్రం.

శత్రువు మాట అటుంచి, అందుకున్న మిత్రుడికే అర్థం కాని ఉత్తరాలు బోలెడు. కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ లోవెల్ తయారుచేసిన పద్ధతి చూడండి. యూరప్‌లో అమెరికా రాయబారి జాన్ ఆడమ్స్‌కు అంకెలు విప్పే తాళంమాట ఏమిటో నేరుగా చెప్పలేదు. మనిద్దరం ఒక సాయంత్రం గడిపిన కుటుంబం పేరులో మొదటి రెండు అక్షరాలు అని సూచన ఇచ్చాడు. ఆ కుటుంబం క్రాంచ్, అంటే ఆడమ్స్ తోడల్లుడి ఇల్లు. అక్షరాలు సి, ఆర్.

రెండు నిలువు వరసలు గీసుకోవాలి. మొదటిది సి నుంచి మొదలు: 1 సి, 2 డి, 3 ఇ. రెండోది ఆర్ నుంచి మొదలు: 1 ఆర్, 2 ఎస్, 3 టి. జడ్ దాటాక 'అండ్' గుర్తు ఒకటి, ఆ తర్వాత మళ్లీ ఎ నుంచి. మొత్తం 27. మొదటి అక్షరం మొదటి వరసలో, రెండోది రెండో వరసలో, మూడోది మళ్లీ మొదటి వరసలో వెతకాలి. 'సెండ్' అనే ఇంగ్లిషు మాట 17, 15, 12, 14 అవుతుంది. ఒకే 3 ఒకచోట ఇ, పక్కనే టి కావడం వల్ల శత్రువుకు అంత సులభంగా చిక్కదు. అయితే మధ్యలో ఒక్క అంకె ఎగిరిపోయిందా, అక్కణ్నుంచి వరసలు తారుమారై అంతా గజిబిజే. ఆడమ్స్ చేతులెత్తేశాడు. ఫ్రాన్స్‌లోని రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ప్రయత్నించి విఫలమయ్యానని రాశాడు. అదే లోవెల్ 1781లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సంకేత లిపిని విప్పి వాషింగ్టన్‌కు అందించాడు. విప్పడంలో దిట్ట, వాడుకునేవాడి అవస్థ మాత్రం పట్టించుకోలేదు.

క్షేత్రంలో నడిచింది ఇంకా సాదా పద్ధతి. 1779లో వాషింగ్టన్ గూఢచారులను నడిపిన అధికారి బెంజమిన్ టాల్‌మాడ్జ్ తయారుచేసిన పట్టికలో మాటకో అంకె చొప్పున 763 ఉన్నాయి. వాషింగ్టన్ 711, న్యూయార్క్ 727.

అపోహ: కనిపించని సిరా అంటే నిమ్మరసం, దీపం దగ్గర పెడితే బయటపడుతుంది.

సెగకు తేలే సిరాలు అందరికీ తెలిసినవే, అందుకే పనికిరావు. వాషింగ్టన్ గూఢచారులు వాడింది జేమ్స్ జే అనే వైద్యుడి తయారీ. రాయడానికి ఒక ద్రవం, బయటపెట్టడానికి మరొకటి. రెండోది లేకుండా చదవలేరు. దాని తిప్పలు దానివి: సరుకు ఎప్పుడూ కొరతే. పైగా ఖాళీ కాగితం మోసుకెళ్లేవాణ్ని చూస్తే ఎవరికైనా అనుమానమే. కరపత్రాల్లోని ఖాళీ పేజీల మీదో, మామూలు కుటుంబ ఉత్తరం చివరో రాయమని వాషింగ్టన్ చెప్పింది అందుకే.

అపోహ: "మీ విధేయ సేవకుణ్ని" అని ముగించాడంటే వినయం.

మన పాత ఉత్తరాల్లో "మహారాజశ్రీ" ఎంతో ఇదీ అంతే. బద్ధశత్రువుకూ అలాగే ముగించేవారు. చూడాల్సింది పై చిరునామా. 1776 జులైలో బ్రిటిష్‌వారు "జార్జ్ వాషింగ్టన్, ఎస్క్వైర్" (మన "శ్రీ" లాంటి మర్యాదమాట) అని ఉత్తరం పంపితే, జనరల్ అనలేదని ఆయన మనుషులు తీసుకోకుండా తిప్పిపంపారు. "ఇత్యాదులు" అని తగిలించి మళ్లీ వచ్చినా తీసుకోలేదు. జనరల్ అంటే ఆ సైన్యాన్ని గుర్తించినట్టు, అనకపోతే తిరుగుబాటుదారుల గుంపు.

అపోహ: శత్రువుకు దొరికిన ఉత్తరాలు కావాలని దొరకనిచ్చినవే.

1781 వేసవిలో న్యూయార్క్‌పై దాడి గురించి వాషింగ్టన్ రాసిన ఉత్తరాలు బ్రిటిష్ సేనాని క్లింటన్‌కు చిక్కాయి. ఇది ముందునుంచీ ఎత్తుగడేనని 1788లో వాషింగ్టనే రాశాడు. కానీ రాసిన రోజున ఆ పథకం నిజమైనదే. ఫ్రెంచి నౌకాదళం చెసపీక్ అఖాతానికి వస్తోందన్న ఆ దళాధిపతి ద గ్రాస్ ఉత్తరం ఆగస్టు 14న అందాకే దారి వర్జీనియాలోని యార్క్‌టౌన్ వైపు మళ్లింది. ఏడేళ్ల తర్వాతి జ్ఞాపకంతో ఆనాటి కాగితాన్ని చదివితే వచ్చే తంటా ఇది.

అపోహ: ఉత్తరం మీది తేదీనాటికి అవతలివారికి విషయం తెలుసు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. సారటోగాలో బ్రిటిష్ సేనాని బర్గాయిన్ లొంగిపోయింది 1777 అక్టోబర్ 17న. పారిస్ శివారు పాసీలో ఉన్న ఫ్రాంక్లిన్‌కు తెలిసింది డిసెంబర్ 4న. ఫ్రాన్స్‌తో ఒప్పందం 1778 ఫిబ్రవరి 6న కుదిరితే కాంగ్రెస్ చేతికి మే 2న వచ్చింది, 85 రోజులకు. ఈలోగా రెండువైపులా పాత లెక్కలతోనే ఆదేశాలు వెళ్తుంటాయి. అందుకే మడత వెనకవైపు తప్పక చూడాలి. ఆ రోజుల్లో కవర్లు లేవు. అదే కాగితాన్ని మడిచి, ముద్రవేసి, పైన చిరునామా రాసేవారు. అందుకున్నవాళ్లు పంపినవారి పేరు, తేదీ రాసుకునేది ఆ మడతమీదే. కొందరు చేరిన రోజునూ, జవాబిచ్చిన రోజునూ వేసేవారు.

ఈ ఆలస్యం మన తీరం దాకా వచ్చింది. బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ప్రాథమిక ఒప్పందం 1783 జనవరి 20న కుదిరింది. అయినా జూన్ 20న కడలూరు ఎదుట ఫ్రెంచి సేనాని సఫ్రెన్, బ్రిటిష్ సేనాని హ్యూస్‌ల నౌకాదళాలు తలపడ్డాయి. కోటలో ఫ్రెంచి సేనాని ఎవరో కాదు, బొబ్బిలి యుద్ధం నాటి బుస్సీయే. శాంతి కబురు జూన్ నెలాఖరున గానీ చేరలేదు. దీన్ని ఒప్పంద ఉల్లంఘన అనుకునేవారున్నారు. ఒప్పందం రాసినవాళ్లకు ఆలస్యం ముందే తెలుసు. ధ్రువీకరణ పత్రాలు మార్చుకున్న ఫిబ్రవరి 3 నుంచి, ఓడల పట్టివేత ఆపేందుకు ఇంగ్లిష్ చానల్లో 12 రోజులు, కానరీ దీవుల దాకా నెల, భూమధ్యరేఖ దాకా రెండు నెలలు, మిగతా ప్రపంచమంతటా అయిదు నెలలు గడువు పెట్టారు. కడలూరు లెక్క ప్రకారం గడువు జులై 3 దాకా ఉంది.