తొమ్మిది కిలోల గీత: పసిబిడ్డ కారు సీటును ఎప్పుడు ముందుకు తిప్పాలన్న తగువు ఎక్కడ మొదలైంది

సెలవులు దగ్గరపడి బెంగళూరులోని తెలుగు కుటుంబాలు అనంతపురం, కడప, చిత్తూరు దారులు పట్టే వేళ, పసిపిల్లల కారు సీటును ఏ వైపు తిప్పి బిగించాలన్న తగువు మళ్లీ రాజుకుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్ల వాట్సాప్ బృందాల్లో ఈ వారం అమ్మమ్మలు, తాతయ్యలు ఒక పక్షంగా, కొత్తగా తల్లిదండ్రులైన వారు మరో పక్షంగా వాదించుకుంటున్నారు. ఏడాది నిండిన బిడ్డను ఇంకా కారు వెనుక అద్దం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాలా, లేక అందరిలాగే దారి వైపు తిప్పేయవచ్చా అన్నది ప్రశ్న. "మెడ నిలిచి ఆర్నెల్లు దాటింది గదా, ఇంకా బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టేదేంది?" అని పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అడిగిన మాటలో ఆ పక్షం వాదమంతా ఉంది. సీటు అమ్మిన దుకాణం వారు కూడా ఆమెకే వత్తాసు పలుకుతారు. తొమ్మిది కిలోలు దాటితే ముందుకు తిప్పేయవచ్చని వారు తడుముకోకుండా చెబుతారు.

సీటు బెల్టు ఎలా పుట్టింది, పిల్లలకు వేరే సీటు ఎందుకు కావాలి అన్న తొలి సంగతులు చాలామందికి తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఈ తగువు అర్థం కావాలంటే తెలియాల్సింది ఆ తొమ్మిది కిలోల అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. అది వైద్యులు బిడ్డ మెడను పరీక్షించి తేల్చిన అంకె కాదు. 1981లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 44వ నిబంధన పిల్లల సీట్లను బరువును బట్టి తరగతులుగా విభజించింది. అందులో ఒకటో తరగతి 9 కిలోల నుంచి 18 కిలోల వరకు. ఆ తరగతి సీట్లు దారి వైపు తిరిగి ఉండవచ్చని నిబంధన అనుమతించింది. అనుమతించిందే తప్ప, తిప్పి తీరాలని ఎక్కడా ఆదేశించలేదు. తర్వాతి నలభై ఏళ్లలో ఆ అనుమతి దుకాణాల్లో, కరపత్రాల్లో, చివరికి ఇళ్లలో ఒక ఆదేశంలా స్థిరపడిపోయింది. నేటి తగువుకు మూలం అక్కడే ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఆ నిబంధన కింద సీటును ఎలా పరీక్షించేవారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సీటును ఒక బండికి బిగించి, అందులో పిల్లల బొమ్మను కూర్చోబెట్టి, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఒక్కసారిగా ఆపుతారు. ఆ క్షణంలో బండి మీద గురుత్వాకర్షణకు 20 నుంచి 28 రెట్ల బలం పడుతుంది. అంటే ఒడిలో పట్టుకున్న తొమ్మిది కిలోల బిడ్డ ఆ క్షణాన 180 నుంచి 250 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. పరీక్షలో బొమ్మ ఛాతీ మీద పడిన తాకిడిని కొలిచేవారు, తల ఎంత దూరం ముందుకు విసురుకుపోయిందో కొలిచేవారు, పొట్టలో బంకమట్టి పెట్టి బెల్టు దానిలోకి దిగిందేమో చూసేవారు. మెడ మీద ఎంత లాగుడు పడిందో కొలిచి దానికి ఒక హద్దు పెట్టే అంశం మాత్రం ఆ పరీక్షలో లేదు. దారి వైపు తిరిగి కూర్చున్న పసిబిడ్డకు అన్నిటికన్నా ఎక్కువ ముప్పు ఏ అవయవానికో, దాన్నే లెక్కలోకి తీసుకోని పరీక్షలో ముందుకు తిరిగిన సీట్లు ఉత్తీర్ణమయ్యాయి. ఇది ఎవరో కుట్ర చేసి దాచిన సంగతి కాదు. నాటి బొమ్మలకు, నాటి కొలతలకు ఉన్న పరిమితి అది. ఆ పరిమితి తెలియకుండానే మనం దాని ఫలితాన్ని మాత్రం వారసత్వంగా అందుకున్నాం.

ఇక్కడ మెడ నిలవడం గురించి పెద్దావిడ అన్న మాటను గౌరవంగానే పరిశీలించాలి. బిడ్డ మూడు నాలుగు నెలలకు తల నిలుపుకోవడం కండరాలు బలపడ్డాయనడానికి గుర్తు. ఎత్తుకోవడానికి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఆ గుర్తు చాలు. ప్రమాదంలో తెగేది కండరం ఒక్కటే కాదు. పసిబిడ్డ మెడలోని ఒక్కో వెన్నుపూస అప్పటికి ఇంకా మృదులాస్థితో అతికిన మూడు ముక్కలుగానే ఉంటుంది. ఆ ముక్కలు కలిసి గట్టి ఎముకగా మారడానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. పైగా పెద్దవారిలో తల బరువు మొత్తం శరీరంలో పదహారో వంతు దాకా ఉంటే, ఏడాది బిడ్డలో అది దాదాపు నాలుగో వంతు. కారు ఆగిపోయినప్పుడు ముందుకు తిరిగి ఉన్న బిడ్డ మొండెం బెల్టుల దగ్గర ఆగుతుంది. అంత బరువైన తల మాత్రం ఆగకుండా ముందుకు పోతుంది. వెనక్కి తిరిగి ఉన్న బిడ్డ విషయంలో సీటు వీపు బిడ్డ తల, మెడ, నడుము అన్నిటినీ ఒకేసారి అరచేతిలా అందుకుంటుంది.

ఈ ఆలోచన 1981 కన్నా ముందే ఉంది. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌కు చెందిన ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960ల తొలినాళ్లలో, అమెరికా జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు తాకిడి వచ్చే దిశకు వీపు పెట్టి పడుకునే తీరు చూసి, పిల్లలకూ అదే పద్ధతి తగినదని భావించారు. ఆయన నమూనాను 1964లో వోల్వో కారులో పరీక్షించారు. 1972 నాటికి ఆ సంస్థ వెనక్కి తిరిగిన పిల్లల సీటును అమ్మకానికి తెచ్చింది. అందుకే ఐరోపా అంతటికీ ఒకే నిబంధన వచ్చాక కూడా స్వీడన్ తల్లిదండ్రులు తొమ్మిది కిలోల దగ్గర ఆగలేదు. అక్కడ నాలుగేళ్ల వరకు వెనక్కి తిరిగి కూర్చోవడం సాధారణ పద్ధతిగా కొనసాగింది. మెడ మీద పడే బలాన్ని కొలిచే 'ప్లస్ టెస్ట్' అనే పరీక్షను కూడా స్వీడనే ప్రవేశపెట్టింది. దాన్ని దాటినవన్నీ వెనక్కి తిరిగి ఉండే సీట్లే. ఐరోపా తన తప్పును దిద్దుకోవడానికి 2013 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన 129వ నిబంధన బరువును పక్కన పెట్టి ఎత్తును కొలబద్దగా తీసుకుంది. పదిహేను నెలలు నిండేవరకు బిడ్డ వెనక్కి తిరిగే ఉండాలని తప్పనిసరి చేసింది. పాత నిబంధన కింది సీట్ల అమ్మకం 2024 సెప్టెంబరు 1 నుంచి ఐరోపా సమాఖ్యలో ఆగిపోయింది.

మన దేశం మాత్రం పాత గీతనే దిగుమతి చేసుకుంది. పిల్లల సీట్లకు సంబంధించిన ఏఐఎస్-072 ప్రమాణం ఆ 44వ నిబంధన తరగతులనే అనుసరించింది. ఆ తర్వాత 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణలోని 194బి సెక్షన్, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను సీటు బెల్టుతో గానీ, పిల్లల కోసం ఉద్దేశించిన రక్షణ సాధనంతో గానీ కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటుంది. పెద్దల బెల్టు పసిబిడ్డకు భుజం మీద కాక గొంతు మీదుగా పోతుంది కనుక, ఆ 'గానీ' అన్న ఒక్క మాట ఎంత చేటు చేయగలదో ఊహించుకోవచ్చు. సీటు ఏ వైపు తిరిగి ఉండాలన్న ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేనే లేదు. 2024 అక్టోబరులో కేరళ రవాణా శాఖ కమిషనర్ వయసు వారీగా పిల్లల సీట్లు తప్పనిసరి అని ప్రకటించి, డిసెంబరు నుంచి జరిమానా వేస్తామన్నారు. ఆ వెంటనే అలాంటిదేమీ ఇప్పట్లో ఉండదని ఆ రాష్ట్ర మంత్రి వెనక్కి తగ్గారు.

అవతలి పక్షానికీ కొన్ని బలమైన మాటలు ఉన్నాయి. ముందుకు తిప్పిన ఏడాది పిల్లలకు గాయాల ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పిన 2007 నాటి అమెరికా అధ్యయనాన్ని, లెక్కల్లో లోపం బయటపడ్డాక ప్రచురించిన పత్రికే ఉపసంహరించుకుంది. ఆ అంకెలను ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తున్న తల్లిదండ్రులు దయచేసి మానుకోవాలి. అయితే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో తన సూచనను సవరించినప్పుడు రెండేళ్లన్న వయసును తీసేసిందే తప్ప సీటును ముందుకు తిప్పమనలేదు. సీటు తయారీదారు అనుమతించిన బరువు, ఎత్తు దాకా వెనక్కే ఉంచమని చెప్పింది. బిడ్డ కాళ్లు ముడుచుకుపోతాయన్న బెంగకు కూడా సమాధానం ఉంది. పిల్లలు ఇంట్లో కూడా బాసింపట్టు వేసుకునే కూర్చుంటారు, కాళ్లు సీటు వీపుకు తగలడం సీటు చిన్నదైందనడానికి గుర్తు కాదు. తల పైభాగం సీటు అంచుకు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరకు వస్తేనే అది చిన్నదైనట్టు. ఏడుపు, వాంతి మాత్రం నిజమైన ఇబ్బందులే. ప్రతి గంటన్నరకో రెండు గంటలకో ఆగి బిడ్డను సీట్లోంచి తీయడం తప్ప వాటికి సులువైన ఉపాయం లేదు.

అందరూ మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. మన మార్కెట్‌లో దొరికే రెండు వైపులా తిప్పగల సీట్లలో చాలావాటి మీద వెనక్కి 13 కిలోల వరకు, ముందుకు 9 నుంచి 18 కిలోల వరకు అని రాసి ఉంటుంది. 9కీ 13కీ మధ్య ఉన్న నాలుగు కిలోలలో సీటు రెండు వైపులా చెల్లుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం సగటు బిడ్డ తొమ్మిది నెలలకూ ఏడాదికీ మధ్య తొమ్మిది కిలోలకు చేరుతుంది, పదమూడు కిలోలకు చేరేసరికి దాదాపు రెండున్నరేళ్లు వస్తాయి. అంటే ఆ నాలుగు కిలోలు బిడ్డ జీవితంలో ఏడాదిన్నర కాలం. బొద్దుగా పుట్టిన మగబిడ్డ ఆర్నెల్లకే తొమ్మిది కిలోలు తూగవచ్చు, వాడి మెడ ఎముకలు మాత్రం ఆర్నెల్లవే.

పోయిన శనివారం ఆ పెద్దావిడ అల్లుడు తన చిన్న కారులో సీటు బిగిస్తుంటే అపార్టుమెంటు బేస్‌మెంటులో పక్కనే నిలబడి చూశాను. సీటును ఎడమవైపు వెనుక సీట్లో అద్దం వైపు తిప్పి పెట్టి బెల్టు లాగితే అది బకిల్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. బెల్టు చాలదు, ముందుకు తిప్పేద్దామని ఆయన అప్పటికే నిశ్చయించుకున్నారు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే, నడుం బెల్టును వెనక్కి తిరిగినప్పుడు వాడే నీలం గుర్తుల కిందుగా పోనిచ్చినా, భుజం బెల్టును మాత్రం ముందుకు తిరిగినప్పుడు వాడే ఎర్ర గుర్తుల గుండా తిప్పారని తేలింది. రెండింటినీ నీలం గుర్తుల వెంట పోనిస్తే బకిల్ టక్కున పడింది. ఆయన సీటు మీద మోకాలు ఆనించి బరువు వేసి బెల్టును బిగలాగాక, బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే అంగుళం కన్నా తక్కువే కదిలింది. అదే సరైన బిగింపు. బిడ్డ భుజాల పట్టీలు వెనక్కి తిరిగినప్పుడు భుజం ఎత్తుకు సమానంగా గానీ కాస్త కిందుగా గానీ రావాలి. పట్టీని రెండు వేళ్లతో మడతపట్టి చూస్తే మడత దొరకకూడదు. తెల్లవారుజామున చలికి వేసిన మందపాటి స్వెటర్ తీసేసి, పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పాలి.

ముందు సీటును మూడు మెట్లు ముందుకు జరపాల్సి వచ్చింది, కనుక పొడగరి అయిన తాతగారు డ్రైవర్ వెనక్కి మారాల్సి ఉంటుంది. అక్కడ చోటు చాలదు, బిడ్డ సీటును ముందు సీట్లో పెట్టేద్దామని ఆయన అడిగారు. 2022 నుంచి అమ్ముతున్న కార్లలో ముందు కూర్చునే ప్రయాణికుడి వైపు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది తెరుచుకునేటప్పుడు వెనక్కి తిరిగిన సీటు వీపును నేరుగా బిడ్డ తల వైపు గుద్దుతుంది, కనుక ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఈ సీటు ఎన్నటికీ పెట్టకూడదు. ఆ మాట చెప్పాక తాతగారు ఇక వాదించలేదు. బిడ్డకు పదకొండు నెలలు, బరువు తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. శుక్రవారం తెల్లవారుజామున వారు కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు బయల్దేరుతున్నారు. అమ్మమ్మ బిడ్డ పక్కనే, వాడి ముఖం కనిపించేలా కూర్చుంటానన్నారు.