వేళ్ల సందున దాచిన కత్తి

చిన్నప్పుడు నా మోకాలి పక్కన సెగ్గడ్డ లేచింది. మా ఊరి ఆరెంపీ డాక్టరు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని వచ్చి, "అదుగో, చింతచెట్టు మీద కోతి చూడరా" అన్నాడు. కోతి లేదు. అది తెలుసుకుని నేను తల తిప్పేలోపే గడ్డ చిట్లిపోయింది. కత్తి ఎక్కడ దాచాడో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. వేళ్ల సందున పెట్టుకుని ఉంటాడని ఈ మధ్యే అనిపించింది, అదీ వెయ్యేళ్ల కిందటి అరబ్బీ శస్త్రచికిత్స గ్రంథం గురించి చదువుతుంటే. అందులో ఒక చిన్న కత్తి బొమ్మ ఉంది. గడ్డ కోసేటప్పుడు రోగి కంట పడకుండా వేళ్ల మధ్య దాచుకోవడానికే దాన్ని చేశారు. దాని అరబ్బీ పేరుకు 'ఏమార్చేది' అనే అర్థం వస్తుంది.

ఆ గ్రంథం రాసినవాడు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అల్ జహ్రావీ. ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబా పక్కన, ఖలీఫాలు కట్టించిన మదీనత్ అల్ జహ్రా నగరంలో సుమారు 936లో పుట్టాడు, 1013 ప్రాంతంలో పోయాడు. ఆయన బతికుండగానే, 1010లో, అంతర్యుద్ధంలో ఆ నగరాన్ని దోచి తగలబెట్టారు. అది మట్టిలో కలిసి, 1911లో తవ్వకాలు మొదలయ్యేదాకా అలాగే పడి ఉంది. ఆయన జీవితం గురించి మనకు దొరికేది కూడా చాలా తక్కువ. మిగిలింది పుస్తకమే. పేరు 'అల్ తస్రీఫ్', మొత్తం 30 భాగాలు. ఇంకాస్త పొడుగ్గా ఉండే అసలు పేరులో, సొంతంగా పుస్తకం కూర్చుకోలేని వాడి కోసం రాశానన్న మాట కూడా ఉంది. ఆఖరిదైన 30వ భాగమే శస్త్రచికిత్స.

దాన్ని ఆయన 'చేతిపని' అన్నాడు. గ్రీకులూ అదే అన్నారు: 'ఖెయిర్' అంటే చెయ్యి, 'ఎర్గాన్' అంటే పని. ఆ రెండూ కలిసి లాటిన్, ఫ్రెంచి నోళ్లలో నలిగి నలిగి 'సర్జరీ' అయింది. మనవాళ్లు శస్త్రాన్ని చూసి పేరు పెడితే, వాళ్లు చేతిని చూసి పెట్టారు.

30వ భాగం మొదట్లోనే జహ్రావీ ఒక గోడు వెళ్లబోసుకుంటాడు. మా దేశంలో ఈ పని తెలిసినవాడు లేడు, పూర్వుల పుస్తకాల్లో ఏవో కొన్ని ఆనవాళ్లు మిగిలాయి, వాటిని కూడా నకలు రాసేవాళ్లు తప్పుల తడక చేశారు, చదివితే అర్థం కావడం లేదు అని. అందుకే పనిముట్ల బొమ్మలు గీశాడు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 200. వాతలు పెట్టే కడ్డీలు, పళ్లు పీకే పట్టకార్లు, కొక్కేలు, రంపాలు, గొంతులో గుచ్చుకున్న ముల్లు తీసే పరికరాలు. కొన్నింటికైతే పెద్దది, మధ్యరకం, చిన్నది అని మూడు సైజుల్లో వేశాడు. మాట చెడినా బొమ్మ నిలుస్తుందని ఆయన ఆశ. ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందో కాసేపట్లో చూద్దాం.

ముందు ఆ పుస్తకంలో ఒకటి రెండు చోట్ల ఆగాలి. వాతల సంగతే తీసుకోండి. వాత పెట్టడానికి బంగారు కడ్డీ శ్రేష్ఠమని పూర్వులు రాశారు. జహ్రావీ మాత్రం ఇనుమే మేలంటాడు. బంగారాన్ని నిప్పుల్లో పెడితే దాని రంగే ఎరుపు కాబట్టి సరిగ్గా ఎప్పుడు కాలిందో కంటికి తెలియదు. పైగా త్వరగా చల్లారిపోతుంది. ఇంకొంచెం ఎక్కువ కాలిస్తే కరిగిపోతుంది. ఈ మూడు ముక్కలూ కొలిమి దగ్గర కూర్చున్నవాడు తప్ప ఇంకొకడు రాయలేడు. అలాగని బంగారం పనికిరాదని కాదు. కదిలే పళ్లను తీగతో కట్టేటప్పుడు మాత్రం బంగారమే వాడమంటాడు, వెండి కొద్ది రోజులకే పచ్చబడుతుంది కాబట్టి. వస్తువు ఖరీదు కాదు, అది చేసే పని చూశాడాయన.

ఇంకోచోట ఒక బానిస పిల్ల కథ వస్తుంది. కత్తి తీసుకుని తన గొంతులో తనే పొడుచుకుంది. జహ్రావీని పిలిపించారు. ఆయన వెళ్లేసరికి కోసిన జంతువులా గురగురమంటోంది. గాయం చూస్తే రక్తం కొంచెమే కారింది, కానీ గాలి బయటికొస్తోంది. అంటే పెద్ద రక్తనాళాలేవీ తెగలేదు, తెగింది గాలిగొట్టం. వెంటనే కుట్లు వేశాడు. పిల్ల బతికింది, గొంతు కాస్త బొంగురుపోయింది అంతే. ఊపిరాడని రోగికి గాలిగొట్టం మీద కోత పెట్టడమంటే ప్రాణం తీయడమేనని అప్పట్లో చాలామంది భయపడేవారు. ఈ పిల్లను చూశాక, ఆ కోతలో అంత ప్రమాదం లేదని ధైర్యంగా చెప్పగలిగాడు.

అన్నీ బతికిన కథలే కావు. మెడ మీద గడ్డ ఉన్న ఒకామెకు తెలిసీ తెలియని వైద్యుడొకడు కోత పెట్టి ధమనులు తెగ్గొడితే, ఆమె అతని ఎదుటే రక్తం కారి చనిపోయింది. ఇంకొకడు ఒక కుర్రాడి విరిగిన కాలికి, పుండు ఉండగానే, దాని మీద బద్దలేసి బిగించి కట్టేశాడు. పుండుకు గాలి తగల్లేదు. కాలు వాచి కుళ్లింది. జహ్రావీ వచ్చి కట్టు విప్పినా అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఇవన్నీ ఆయన శిష్యులను 'బిడ్డల్లారా' అని పిలుస్తూ చెబుతాడు. ఆ పిలుపు చదివినప్పుడల్లా, పుస్తకం రాసుకున్నట్టు కాక పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది నాకు.

12వ శతాబ్దంలో ఈ 30వ భాగం స్పెయిన్‌లోనే ఉన్న టొలెడో చేరింది. అక్కడ క్రెమోనాకు చెందిన జెరార్డ్ అనే అనువాదకుడు అరబ్బీ గ్రంథాలను వరసపెట్టి లాటిన్‌లోకి దించుతున్నాడు. ఆయన చేతిలోనే ఇదీ లాటిన్‌లోకి వెళ్లింది. అబుల్ ఖాసిం కాస్తా 'అల్బుకాసిస్' అయ్యాడు. 1363లో ఫ్రాన్స్‌లో గీ ద షోలియాక్ తన పెద్ద శస్త్రచికిత్స గ్రంథం రాసేటప్పటికి, అల్బుకాసిస్ పేరు దాదాపు 200 సార్లు తలుచుకునేంత పెద్దవాడయ్యాడు. అయితే అప్పటికీ అన్నీ చేతిరాత ప్రతులే. లాటిన్ నకళ్లు రాసేవాడు సన్యాసి కావచ్చు, గుమాస్తా కావచ్చు. పట్టకారు పట్టినవాడు మాత్రం కాడు. కొక్కెం తీగలా సాగింది, పిడి మీద పువ్వు పూసింది. కొన్ని బొమ్మలు చూస్తే అవి పళ్లు పీకడానికో, పెళ్లి పందిరి అలంకరణకో తేల్చుకోలేం.

ఇక అచ్చుయంత్రం వచ్చింది. అచ్చువేసేవాడు వ్యాపారి, ముందు అమ్ముడుపోయేది వేస్తాడు. జహ్రావీ రచనల్లో మొదట అచ్చెక్కింది శస్త్రచికిత్స కాదు, మందుల తయారీ. 28వ భాగాన్ని 1471లో వెనిస్‌లో నికొలాస్ జెన్సన్ అచ్చువేశాడు. మూలికలు ఎలా కడగాలి, లవణాలు ఎలా కాల్చాలి, ఏది ఎలా నిలవ చేయాలి అన్న పుస్తకం అది. మందుల కొట్లు ఊరూరా ఉండేవి, పుస్తకం కొనే స్తోమత కూడా వాళ్లకుంది. కోతలు కోసేవాళ్లలో ఎక్కువమంది లాటిన్ రాని మంగళ్లు. వాళ్లకు లాటిన్ పుస్తకం ఎవరమ్ముతారు?

ప్రాచీనుల వంతు కూడా అప్పుడే వచ్చింది. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ వైద్య గ్రంథం శతాబ్దాల పాటు కంటికి కనపడకుండా పోయి, 15వ శతాబ్దంలో ఇటలీలో మళ్లీ బయటపడింది. 1478లో ఫ్లోరెన్స్‌లో అచ్చయింది. శస్త్రవైద్యుడు ఎలా ఉండాలో అందులో చెబుతాడు: వయసులో ఉండాలి, చెయ్యి వణకకూడదు, ఎడమ చెయ్యి కుడిచేతికి తీసిపోకూడదు, రోగి మీద జాలి ఉండాలి, కానీ వాడి కేకలకు తొందరపడిపోకూడదు. వాపుకు ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తులు చెప్పిందీ ఈయనే. ఇంత చెప్పినా పనిముట్లకు బొమ్మలు మాత్రం లేవు. ఇది గుర్తుంచుకోవాల్సిన ముక్క.

1497లో వెనిస్‌లో అచ్చయిన సంపుటంలో మన జహ్రావీ శస్త్రచికిత్స చేరింది, గీ ద షోలియాక్ చిన్న పుస్తకం పక్కన. వాత కడ్డీలు, ఇతర పనిముట్లతో సహా అని పేరులోనే టముకు వేశారు. బొమ్మలే దానికి గిరాకీ అన్నమాట. ఆ బొమ్మలు చెక్క అచ్చులతో వేసినవి. పెడనలో కలంకారీ అచ్చు చెక్కేవాళ్లను చూసినవాళ్లకు ఈ పని కొత్తగా చెప్పక్కర్లేదు. గీత ఉన్నచోట చెక్క వదిలేసి, మిగతాదంతా తొలిచేస్తారు. రంగు పూసి అద్దితే ఎడమది కుడికి వస్తుంది. చెక్కేవాడు ముందే తిరగేసి చెక్కాలి, మరిచిపోతే కొక్కెం వంపు తిరగబడుతుంది. పైగా సన్నటి గీత చెక్కలో నిలవదు, విరిగిపోతుంది, కాబట్టి మొద్దుగా ఉంచేస్తారు. చేతిరాతలో ఒక్కో నకలుకు ఒక్కో తప్పు ఉండేది. అచ్చులో ఒకే తప్పు వందల ప్రతుల్లో, ఒకేలా, ఊరూరికీ వెళుతుంది. నకలు రాసేవాళ్లను తిట్టుకున్న ఆ ముసలాయన ఇది చూసి ఉంటే ఏమనేవాడో!

పేరుకూ అదే గతి పట్టింది. 1519లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన గ్రంథంలోని మొదటి రెండు భాగాలు లాటిన్‌లో అచ్చయ్యాయి, ఈసారి 'అల్సహరావియస్' పేరుతో. జహ్రావీ అన్న మాటకు వచ్చిన వంకర అది. దాంతో కోతలు కోసే అల్బుకాసిస్ ఒకడు, రోగ లక్షణాలు చెప్పే అల్సహరావియస్ ఇంకొకడు అని చాలాకాలం అనుకున్నారు.

1532లో స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ షాట్ వేసిన సంపుటం ఇంకా తమాషాగా ఉంటుంది. అందులో 'ఒక్టావియస్ హొరాషియానస్' అనే ప్రాచీన వైద్యుడి నాలుగు పుస్తకాలు, ఆ వెనక అల్బుకాసిస్ శస్త్రచికిత్స మూడు పుస్తకాలు. ఆ హొరాషియానస్ అసలు పేరు అది కాదు, థియొడోరస్ ప్రిస్కియానస్. సుమారు 400 నాటి రోమన్ వైద్యుడు. అంటే పేరు తప్పుపడిన ఒక రోమన్, పేరు వంకరపోయిన ఒక అరబ్బు, ఇద్దరి మధ్యా 600 ఏళ్ల దూరం, ఒకే అట్ట కింద కాపురం.

ఆ ఏళ్లలోనే గాలి మారింది. 1525లో వెనిస్‌లోని ఆల్డస్ ముద్రణాలయం ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలను గ్రీకులో ఐదు సంపుటాలుగా తెచ్చింది, మరుసటి ఏడాది ఆయన కన్నా పాతవాడైన హిపొక్రటిస్ రచనలను. మూలం దొరికాక మధ్యలో ఈ అరబ్బులెందుకు అనే గొంతులు లేచాయి. జర్మనీలో లియొన్హార్ట్ ఫుక్స్ (ఫుషియా పువ్వుకు పేరిచ్చిన ఆయనే) 1530లో అప్పటి వైద్యుల తప్పులన్నీ ఏకరువు పెడుతూ ఒక పుస్తకమే రాశాడు. అరబ్బులన్నా, వాళ్లను నమ్ముకున్నవాళ్లన్నా ఆయనకు ఒళ్లుమంట. అయినా జహ్రావీ 1532లో అచ్చయ్యాడు, 1541లో బాజెల్‌లో మళ్లీ అచ్చయ్యాడు. ఎందుకంటే నాకు తోచేది ఒకటే. గాలెన్ దగ్గర వాదం ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, పట్టకారు బొమ్మ దొరకదు. వంకరో టింకరో, ఈ పుస్తకంలో బొమ్మ ఉంది.

ఇంతా చేసి, ఇప్పటిదాకా చెప్పిన అచ్చు ప్రతుల్లో ఒక్కటీ అరబ్బీలో లేదు. అరబ్బీ అక్షరం మాటలో చోటును బట్టి రూపం మార్చుకుంటుంది, పక్కదానితో కలిసిపోతుంది. వత్తులు, గుణింతాలు పోత పోయలేక మన తొలి అచ్చుపనివాళ్లు పడ్డ తిప్పలు తలుచుకుంటే ఆ కష్టం తెలుస్తుంది. 1593లో రోమ్‌లో, ఇటలీ పాలక కుటుంబమైన మెడిచీల ముద్రణాలయం, పేరుమోసిన పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా వైద్య గ్రంథాన్ని అరబ్బీలో అందంగా అచ్చువేసింది. జహ్రావీ శస్త్రచికిత్స అరబ్బీ మూలం మాత్రం 1778 దాకా ఆగింది. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ చానింగ్ లాటిన్ అనువాదంతో కలిపి రెండు సంపుటాలుగా తెచ్చాడు.

ఈ కథలో తర్వాతి మజిలీ మన హైదరాబాదు. 1888లో మొదలై, ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పనే అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం. 13వ శతాబ్దంలో, ఇప్పటి జోర్డాన్‌లోని కరక్‌లో పుట్టి డమాస్కస్‌లో పనిచేసిన క్రైస్తవ వైద్యుడు ఇబ్న్ అల్ ఖుఫ్, కేవలం శస్త్రచికిత్స మీదే ఒక పెద్ద అరబ్బీ గ్రంథం రాశాడు. వెనిస్, స్ట్రాస్‌బర్గ్ అచ్చువాళ్ల కంట పడని ఆ పుస్తకం 1937లో హైదరాబాదులో రెండు సంపుటాలుగా అచ్చయింది. జహ్రావీ కన్నా ముందుతరం పారశీక వైద్యుడు అల్ రాజీ 'అల్ హావీ' సంగతి ఇంకా చిత్రం. రాజీ పోయాక ఆయన నోట్సులన్నీ పోగేసి శిష్యులు తయారుచేసిన మహాగ్రంథం అది. ఫరజ్ బిన్ సాలిం అనే యూదు పండితుడు 1279లో లాటిన్‌లోకి తెస్తే, 1486లో ఇటలీలోని బ్రెషాలో అచ్చయింది. ఆ కాలపు అచ్చు పుస్తకాల్లో అతి భారీ వాటిలో అదొకటి. మూల అరబ్బీని 1955 నుంచి, లాటిన్ అచ్చు వచ్చిన 469 ఏళ్లకు, హైదరాబాదులో 23 భాగాలుగా వేశారు.

పేగు చిల్లుపడితే అంచులు దగ్గరికి చేర్చి పెద్ద చీమలతో కరిపించి, తల ఉంచి మొండెం తెంచేయాలని జహ్రావీ రాశాడు. నల్లచీమలతో అదే పని సుశ్రుతుడూ చెప్పాడు. ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళ్లిందని నేననను. కానీ బాగ్దాద్‌లో మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ పురమాయిస్తే మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుత సంహితను అరబ్బీలోకి తెచ్చాడన్నది మాత్రం పాత అరబ్బీ గ్రంథసూచిలోనే ఉంది. రాజీ తన నోట్సులో ఆ గ్రంథాన్ని పేరు పెట్టి ఉదహరించాడు. అరబ్బీలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి ఆ పేరు నాలుగు హల్లులుగా మిగిలింది. ససరద్ అని చదువుకోవచ్చు, సుస్రుద్ అని కూడా చదువుకోవచ్చు.