డేనియల్ బూన్ ఎముకలు ఎవరి దగ్గర ఉన్నాయి?

అమెరికాలో కెంటకీ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, నదిని ఆనుకున్న గుట్ట మీద ఒక శ్మశానవాటిక ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో కెంటకీ అడవుల్లోకి దారి వేసి పేరు తెచ్చుకున్న వేటగాడు డేనియల్ బూన్, అతని భార్య రెబెకా సమాధి అక్కడ ఉంది. పక్కన ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో, మార్థాస్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర బ్రయన్ కుటుంబం పాత పొలంలో ఇంకో సమాధి ఉంది. అదీ వాళ్లిద్దరిదే. బూన్ మా దగ్గరే ఉన్నాడని రెండు చోట్లా చెబుతారు.

ఇది టూరిస్టుల కోసం రెండు ఊళ్లు పడుతున్న పోటీ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. బూన్ జీవితమంతా హద్దులు సరిగ్గా తేలని భూముల మీదే గడిచింది. పట్టా తన పేరున నిలబడక అతను పోగొట్టుకున్న నేలకు లెక్క లేదు. చివరికి అతన్ని పూడ్చిన ఆరడుగుల నేలకూ అదే గతి పట్టింది. సమాధి గొడవ అర్థం కావాలంటే ముందు ఆ భూముల కథ తెలియాలి.

బూన్ 1734లో పెన్సిల్వేనియాలో క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాళ్ల ఇంట్లో పుట్టాడు. తండ్రి ఇంగ్లండ్ నుంచి వచ్చిన నేతగాడు, కమ్మరి పనీ చేసేవాడు. తర్వాత కుటుంబం నార్త్ కరోలినాలోని యాడ్కిన్ లోయకు మారింది. 1755లో బ్రిటిష్ జనరల్ బ్రాడక్ ఫ్రెంచివాళ్ల మీదికి దండెత్తినప్పుడు బూన్ ఆ సైన్యంలో సామాన్ల బండి తోలాడు. సైన్యం చిత్తుగా ఓడిపోయింది, బండి గుర్రమెక్కి ప్రాణాలు దక్కించుకున్నాడు. మరుసటి ఏడాది రెబెకా బ్రయన్‌ను పెళ్లాడాడు. పదిమంది పిల్లలు. అతను నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి జింక తోళ్ల కోసం అడవుల్లో తిరుగుతుంటే ఆ ఇంటిని నడిపింది రెబెకానే.

1769లో కంబర్లాండ్ కనుమ దాటి కెంటకీలో అడుగుపెట్టి, రెండేళ్లు అక్కడే వేటాడాడు. అది ఖాళీ నేల కాదు. షానీ, చెరోకీ అనే స్థానిక అమెరికన్ తెగలవాళ్లకు అది వేట భూమి. అపలాచియన్ కొండలకు పడమర ఎవరూ స్థిరపడకూడదని 1763లో బ్రిటిష్ రాజు ప్రకటన చేసి ఉన్నాడు. అయినా జనం ఆగలేదు. 1773లో బూన్ కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారిలో జరిగిన దాడిలో పెద్దకొడుకు జేమ్స్ చనిపోయాడు. అందరూ వెనక్కి తిరిగారు.

1775లో రిచర్డ్ హెండర్సన్ అనే న్యాయాధికారి, భూముల వ్యాపారి, చెరోకీల దగ్గర కెంటకీలో చాలా భాగం కొన్నానన్నాడు. చెరోకీల్లోనే డ్రాగింగ్ కనూ అనే యువ నాయకుడు ఆ బేరాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. షానీలు దాన్ని అసలు ఒప్పుకోలేదు. హెండర్సన్ తరఫున బూన్ సుమారు 30 మందితో అడవి కొట్టి దారి వేశాడు. అదే వైల్డర్‌నెస్ రోడ్. దారి చివర కట్టిన కోట పేరు బూన్స్‌బరో. మూడేళ్లకు, కెంటకీ తనదేనన్న వర్జీనియా ప్రభుత్వం హెండర్సన్ కొనుగోలు చెల్లదని తేల్చేసింది. అంటే మొదటి పునాదిలోనే పట్టా తప్పు. షానీల వైపు నుంచి చూస్తే అది తప్పు కూడా కాదు, దోపిడీ.

ఈలోపు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. బూన్‌కు యుద్ధమంటే జార్జ్ వాషింగ్టన్ సైన్యంలో కవాతు కాదు, ఇంటి గుమ్మంలో తుపాకీ. 1776 జులైలో కూతురు జెమైమాను, ఆమెతో ఉన్న ఇద్దరు అమ్మాయిలను షానీ, చెరోకీ మనుషులు ఎత్తుకుపోతే వెంటపడి రెండో రోజుకల్లా వెనక్కి తెచ్చాడు. 1778 ఫిబ్రవరిలో ఉప్పు వండుకోవడానికి బ్లూ లిక్స్ దగ్గరికి వెళ్లిన బృందంతో సహా షానీలకు చిక్కాడు. షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ అతన్ని దత్తత తీసుకుని షెల్టోవీ, అంటే పెద్ద తాబేలు, అని పేరు పెట్టాడు. కోట మీద దాడి జరగబోతోందని తెలిసి జూన్‌లో తప్పించుకున్నాడు. సుమారు 160 మైళ్లు కొన్ని రోజుల్లోనే దాటి బూన్స్‌బరో చేరాడు. చనిపోయాడనుకుని రెబెకా అప్పటికే పిల్లలతో నార్త్ కరోలినా వెళ్లిపోయింది. కోటలో మిగిలింది జెమైమా ఒక్కతే. సెప్టెంబరు ముట్టడిలో కోట నిలబడింది. బూన్ శత్రువుకు లొంగిపోయాడని సొంతవాళ్లే సైనిక విచారణ పెట్టారు. నిర్దోషి అని తేలి, మేజర్‌గా పదోన్నతి వచ్చినా, ఆ అవమానం అతనికి చాలాకాలం గుచ్చుకుంది.

1782 ఆగస్టు 19న మళ్లీ అదే బ్లూ లిక్స్. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయి పది నెలలు కావస్తున్నా సరిహద్దులో పోరు ఆగలేదు. శత్రువు మాటు వేశాడని బూన్ అనుమానించాడు, తోటివాళ్లు వినలేదు. సుమారు 70 మంది కెంటకీ మనుషులు చనిపోయారు. వాళ్లలో అతని కొడుకు ఇజ్రాయెల్ ఒకడు.

ఇంత చేసిన మనిషికి కెంటకీలో సెంటు భూమి మిగల్లేదు. అక్కడ ముందుగా కొలిచి గీసిన పటాలు లేవు. ఈ ఓక్ చెట్టు నుంచి ఆ వాగు దాకా అని రాసుకోవడమే. ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి పత్రాలు పుట్టేవి. బూన్ స్వయంగా సర్వేయర్‌గా పనిచేశాడు, అతను పెట్టిన హద్దుల మీదా తగాదాలు వచ్చాయి. 1780లో సెటిలర్లు భూమి పత్రాలు కొనిపెట్టమని ఇచ్చిన సుమారు 20,000 డాలర్లు దారిలో సత్రంలో నిద్రపోతుండగా దొంగలపాలయ్యాయి. ఆ అప్పు కొందరికి ఏళ్ల తరబడి తీర్చాడు. 1784లో జాన్ ఫిల్సన్ రాసిన పుస్తకంతో పేరు సముద్రాలు దాటింది. ఇంట్లో మాత్రం కోర్టు నోటీసులే. 1798లో అతన్ని అరెస్టు చేయమని వారెంట్ వచ్చింది. అదే ఏడాది కెంటకీ ఒక కౌంటీకి, అంటే జిల్లాలాంటి ప్రాంతానికి, బూన్ పేరు పెట్టింది.

1799లో అతను మిస్సోరీకి వెళ్లిపోయాడు. అప్పుడది స్పెయిన్ పాలనలో ఉంది. స్పానిష్ అధికారులు అతన్ని ఫెమ్ ఓసేజ్ ప్రాంతానికి పెద్దగా నియమించి, సుమారు 850 ఎకరాలు ఇచ్చారు. ఎల్మ్ చెట్టు కింద కూర్చుని పంచాయితీలు తీర్చేవాడని చెబుతారు. 1803లో అమెరికా ఆ నేలంతా కొనేసింది. కొత్త ప్రభుత్వం పత్రాలు అడిగింది, పొలంలో కాపురం ఉన్నావా అని అడిగింది. మళ్లీ భూమి పోయింది. 1814లో అమెరికా కాంగ్రెస్ దాన్ని తిరిగి ఇచ్చింది. కెంటకీ అప్పులవాళ్లకు కట్టడానికి అమ్మేశాడు.

రెబెకా 1813 మార్చిలో చనిపోయింది. టూక్ వాగు దగ్గర బ్రయన్ల పొలంలో పూడ్చారు. బూన్ తన శవపేటికను బతికుండగానే చేయించి పెట్టుకున్నాడు. 1820 సెప్టెంబరు 26న, 85 ఏళ్ల వయసులో, కొడుకు నేథన్ ఇంట్లో కన్నుమూశాడు. రెబెకా ఉన్న చోటే పూడ్చమన్నాడు, పూడ్చారు. 1830ల మధ్య దాకా ఆ సమాధుల మీద పేరున్న రాయి లేదు. పదిహేనేళ్లు! ఇంత పెద్ద తగాదాకు మూలం ఇంత చిన్న నిర్లక్ష్యం.

1844లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త శ్మశానవాటిక ఏర్పాటైంది. దానికి గౌరవం తేవడానికి ఓ పెద్ద పేరు కావాలి. తరిమినంత పని చేసిన రాష్ట్రమే ఎముకల కోసం మిస్సోరీకి మనుషులను పంపింది. 1845 వేసవిలో తవ్వారు. పెద్ద ఎముకలు మాత్రమే చేతికి వచ్చాయి. మిగతావి మట్టిలో కలిసిపోయాయి. సెప్టెంబరు 13న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఘనంగా ఊరేగించి పూడ్చారు. స్మారకానికి శాసనసభ డబ్బు ఇచ్చేసరికి 1860 అయింది. దాని పలకాల్లో ఒకదాని మీద బూన్ ఒక స్థానిక అమెరికన్‌తో కలబడుతుంటాడు. జీవితంలో కచ్చితంగా తన చేతిలో చనిపోయింది ఒక్కరే అని అతను చెప్పినట్టు నేథన్ తర్వాత చెప్పాడు. పలకం చెక్కినవాళ్లకు ఆ మాట అక్కర్లేకపోయింది.

మిస్సోరీవాళ్ల వాదన వేరు. రెబెకా పోయిన ఏడేళ్లలో ఆమె పక్క చోటు వేరేవాళ్లతో నిండిందని, బూన్‌ను ఆమె కాళ్ల వైపు పూడ్చారని, రాయి మాత్రం ఆమె పక్కన పాతారని అంటారు. కెంటకీవాళ్లు రాయి చూసి తవ్వారు. తెలిసిన బంధువులు నోరు విప్పలేదట. 1915లో మిస్సోరీ సమాధి దగ్గరా స్మారక శిల నిలబెట్టారు.

1983లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 1845లో తిరిగి పూడ్చేముందు పుర్రెకు ప్లాస్టర్ అచ్చు తీసి ఉంచారు. ఫోరెన్సిక్ నిపుణుడొకరు దాన్ని పరిశీలించి, అది నల్లజాతి మనిషి పుర్రె కావచ్చన్నారు. అచ్చు మరీ మోటుగా ఉందని, దాన్ని బట్టి ఏదీ తేల్చలేమని తర్వాత మరికొందరు నిపుణులు అన్నారు. అప్పటి పత్రికలు దీన్ని వింతగా రాసుకున్నాయి. నన్ను మాత్రం ఇదే ఎక్కువ బాధపెడుతుంది. ఆ అనుమానం ఎందుకు పుట్టిందంటే, టూక్ వాగు శ్మశానంలో బానిసలను కూడా పూడ్చారు. వాళ్ల మీద పదిహేనేళ్ల తర్వాత కూడా ఎవరూ పేరున్న రాయి పెట్టలేదు. బూన్ కూడా బానిసలను ఉంచుకున్నవాడే. కెంటకీలో వ్యాపారం బాగున్న రోజుల్లో, 1787 నాటికి, అతని దగ్గర ఏడుగురు ఉన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ గుట్ట మీద పూలు అందుకుంటున్నది ఒకవేళ బూన్ కాకపోతే, ఆ మనిషి ఎవరి బిడ్డో, ఏ పొలంలో చాకిరీ చేశాడో అడిగినవాళ్లు ఈ తగాదాలో చాలా తక్కువ.

కెంటకీవాళ్లు సరైన చోటే తవ్వారనుకున్నా, వాళ్లు తీసుకెళ్లింది పెద్ద ఎముకలనే. మిగతా బూన్ ఇంకా బ్రయన్ల పొలంలోనే, ఆ పేర్లు లేని సమాధుల మధ్యే ఉన్నాడు.