రాటెంగారో: సమాధుల ఊరి నేలకు కాగితం వచ్చిన కథ

ఇండోనేషియాలోని సుంబా దీవి నైరుతి తీరంలో, ఒక నది హిందూ మహాసముద్రంలో కలిసే చోట, రాటెంగారో అనే చిన్న ఊరు ఉంది. ఆకాశంలోకి నిలువుగా లేచిన గడ్డి కప్పులు, ఇళ్ల మధ్య పరుచుకున్న రాతి సమాధులు, వాటి వెనక సముద్రం: ఈ దృశ్యాన్ని పర్యాటక ప్రకటనల్లో చూసినవారు చాలామందే ఉంటారు. కొన్నేళ్లుగా సుంబా తీరం మరో రకం ప్రకటనల్లోనూ కనిపిస్తోంది. బాలితో పోలిస్తే చవకగా సముద్రపు ఒడ్డున ఖాళీ స్థలం దొరుకుతుందని చెప్పే ప్రకటనలవి. చిక్కంతా ఆ 'ఖాళీ' అన్న మాట దగ్గరే మొదలవుతుంది. సుంబాలో మనుషులు కాపురముండని నేల ఉండవచ్చు గాని, ఎవరికీ చెందని నేల ఉండదు.

సుంబా విస్తీర్ణం సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు. జనాభా ఏడు లక్షలకు పైమాటే. వర్షాలు తక్కువ, మొక్కజొన్న ప్రధాన పంట, గుర్రాలూ గేదెలూ అసలైన ఆస్తి. ఒకప్పుడు చందనం కోసం వర్తకులు ఈ దీవికి వచ్చేవారు. ఆ చెట్లు దాదాపు హరించుకుపోయినా 'చందన ద్వీపం' అన్న పేరు మాత్రం మిగిలింది. ఇక్కడి సమాజానికి పునాది వంశం. పశ్చిమాన 'కబిసు', తూర్పున 'కబిహు' అని పిలిచే ఈ వంశాలకు మూలపురుషులుంటారు, ఆ మూలపురుషుల పేరున వెలసిన పెద్ద ఇల్లు ఉంటుంది, ఆ ఇంటితో ముడిపడిన భూమి ఉంటుంది. తొలుత ఆ నేల మీద అడుగుపెట్టిన వంశాన్ని తూర్పు సుంబాలో 'మంగు తనంగు' అంటారు, అంటే నేలకు కర్త. ఆ కర్తృత్వం అమ్ముకునే హక్కు కాదు. ఎవరు ఎక్కడ సాగు చేయాలో, ఏ పూజ ఎప్పుడు జరగాలో చెప్పే బాధ్యత.

ఇంటిని దగ్గరగా చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నేలకు ఎత్తుగా వేసిన వెదురు మంచె కింద పందులు, కోళ్లు, గేదెలు ఉంటాయి. మంచె మీద మనుషులు ఉంటారు, నాలుగు ప్రధాన స్తంభాల నడుమ పొయ్యి మండుతూ ఉంటుంది. ఆ పొగ పైకి ఎగబాకి గడ్డిని నల్లబరుస్తుంది, పురుగు పట్టకుండా కాపాడుతుంది. సుమారు 15 మీటర్ల ఎత్తుకు లేచే ఆ కప్పు కొసన ఎవరూ నివసించరు. వంశపారంపర్యంగా వచ్చిన నగలు, పూజాద్రవ్యాలు అక్కడ ఉంటాయి, పూర్వీకుల ఆత్మలైన 'మరాపు' అక్కడికి దిగివస్తాయని నమ్మకం. చనిపోయినవారు ఊరి వెలుపలికి పోరు. ఇంటి ముందరి రాతిబండల కింద ఉంటారు, ఆ బండల మీదే పిల్లలు ఆడుకుంటారు, ధాన్యం ఆరబోస్తారు. ఆ ఊరి పేరులోని 'రాటె' అన్న మాటకు అర్థమే సమాధి. తన తాతముత్తాతలు పడుకున్న వాకిలిని కొలిచి ఇన్ని చదరపు మీటర్లని చెప్పమంటే ఆ మనిషికి కలిగే ఇబ్బంది వెనకబాటుతనం కాదు, ఆ లెక్కే అతనికి పరాయిది.

లెక్క మొదలుపెట్టింది డచ్చివారు. 1870లో వారు తెచ్చిన భూచట్టం, యాజమాన్యాన్ని రుజువు చేయలేని భూమి అంతా ప్రభుత్వానిదే అన్న సూత్రాన్ని జావాలో ప్రవేశపెట్టింది. 1875లో ఆ సూత్రాన్ని వెలుపలి దీవులకూ విస్తరించారు. సుంబాను డచ్చి సైన్యం నిజంగా అదుపులోకి తెచ్చుకున్నది మాత్రం 20వ శతాబ్దం ఆరంభంలోనే. స్వాతంత్ర్యం తర్వాత 1960లో ఇండోనేషియా తన మౌలిక భూచట్టాన్ని చేసుకుని 1870 నాటి చట్టాన్ని రద్దు చేసింది. కొత్త చట్టం సంప్రదాయ న్యాయమే తనకు ఆధారమని చెప్పింది, వంశాల సామూహిక భూహక్కును గుర్తించింది కూడా. అయితే ఆ హక్కు వాస్తవంగా ఇంకా మనుగడలో ఉండాలని, జాతి ప్రయోజనానికి విరుద్ధంగా ఉండకూడదని మెలిక పెట్టింది. ఈ మెలికే నేటి తగాదాలన్నిటికీ మూలమని నా అభిప్రాయం. హక్కు ఉందని ఎవరు నిరూపించాలి, ఏ కాగితంతో నిరూపించాలి అన్న ప్రశ్న ఊరివాళ్ల నెత్తినే పడింది.

కాగితం లేకపోవడం భూమి దగ్గరే ఆగలేదు. గుర్తింపు కార్డులో మతం గడి ఉన్న దేశంలో పూర్వీకుల ఆత్మలను కొలిచే మరాపు విశ్వాసాన్ని మతంగా లెక్కించలేదు. చాలామంది క్రైస్తవులుగా నమోదయ్యారు, మిగిలినవారి గడి ఖాళీగా ఉండిపోయింది. సంప్రదాయ పద్ధతిలో జరిగిన పెళ్లిని నమోదు చేయించుకోవడం, పిల్లల జననపత్రంలో తండ్రి పేరు రాయించుకోవడం కష్టమైంది. వారసుడినని కాగితం మీద చూపలేనివాడు భూమికి వారసుడినని ఎలా చూపగలడు? 2017 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, సంప్రదాయ విశ్వాసాలను కూడా ఆ గడిలో నమోదు చేయాలని తీర్పు చెప్పింది. ఆ పిటిషనర్లలో సుంబాకు చెందిన మరాపు అనుయాయి ఒకరు. అంతకు ముందు, 2013 మే నెలలో, సంప్రదాయ సమాజాల అడవులు ప్రభుత్వ అడవులు కావని ఇదే న్యాయస్థానం తేల్చింది.

ఈ నేపథ్యంలోకి పర్యాటకం వచ్చింది. 1980ల చివర పశ్చిమ సుంబా తీరంలో అలల మీద సర్ఫింగ్ కోసం మొదలైన నిహివాటు అనే విడిది, ఒక అమెరికన్ యాత్రా పత్రిక పాఠకుల ఎంపికలో 2016, 2017 సంవత్సరాల్లో ప్రపంచంలోకెల్లా ఉత్తమ హోటల్‌గా నిలిచింది. దాంతో పెట్టుబడిదారుల చూపు ఇటు తిరిగింది. విదేశీయులకు చట్టం చెప్పేది స్పష్టం: పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడికి బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది. వారికి ప్రధానంగా దక్కేది 'వాడుక హక్కు'. 2021 నిబంధనల ప్రకారం అది 30 ఏళ్లు, ఆపై 20 ఏళ్ల పొడిగింపు, మరో 30 ఏళ్ల పునరుద్ధరణ, అంటే గరిష్ఠంగా 80 ఏళ్లు. దీన్ని తప్పించుకోవడానికి స్థానికుడి పేరున కొని వెనక నుంచి ఒప్పందం రాయించుకునే పద్ధతి ఉంది. మన భాషలో చెప్పాలంటే బినామీ. ఆ ఒప్పందానికి చట్టం అండ ఉండదు. పైగా, అమ్మినవాడు ఒక్కడే సంతకం పెట్టి ఉంటే, వంశంలోని మిగతావారు ఆ అమ్మకాన్ని ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

ఆ సంతకం ఎందుకు పడుతుందన్నది బయటివారు తరచుగా వదిలేసే ప్రశ్న. సుంబాలో పెళ్లికి గుర్రాలు, గేదెలు కన్యాశుల్కంగా ఇవ్వాలి. చావుకు గేదెలు కోయాలి, సమాధికి పెద్ద బండను జనం చేత లాగించాలి, లాగినవారందరికీ భోజనం పెట్టాలి. కొన్నిసార్లు శవాన్ని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచి ఆ ఖర్చుకు కూడబెడతారు. అప్పు మీద అప్పు పెరిగిన ఇంటికి తీరంలోని రాళ్ల నేలకు వచ్చే డబ్బు చిన్నది కాదు. తూర్పు సుంబాలో దొరలైన 'మరంబా'లు, స్వతంత్రులు, దాస్యంలో పుట్టిన 'అతా'లు అన్న అంతరాలు ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు గనుక, వంశం తరఫున ఎవరు మాట్లాడతారన్నదీ సమానుల మధ్య తేలే విషయం కాదు. సంప్రదాయాన్ని ప్రేమించేవాళ్లం ఈ మాట దాచకూడదు.

తగాదా ఎంత దూరం పోగలదో 2018 ఏప్రిల్‌లో పశ్చిమ సుంబాలోని లంబోయా ప్రాంతపు మరోసి తీరంలో తేలింది. ఒక కంపెనీ తనదని చెప్పుకుంటున్న భూమిని పోలీసుల రక్షణలో కొలుస్తుండగా ఊరివాళ్లు అడ్డుకున్నారు. కాల్పుల్లో ఒక రైతు మరణించాడు.

మనకు ఈ దీవితో ఒక పాత పరిచయం ఉంది, గుర్తుపట్టం అంతే. పోచంపల్లి చీరను 'ఇక్కత్' అంటున్నామే, ఆ మాట కట్టడం అనే అర్థంగల మలయ్ పదం నుంచి వచ్చింది. సుంబా ఆడవారు నీలిమందు, తొగరు వేరు రంగులతో నేసే దుప్పట్లలో గుజరాత్ పటోలా నమూనాలు నేటికీ ఉన్నాయి, ఓడల మీద వచ్చిన ఆ బట్టలు ఒకప్పుడు అక్కడి దొరల సొత్తు. ఇంటికి వచ్చినవారికి ముందు వక్క, తమలపు కాయ, సున్నం ఇవ్వడం అక్కడి మర్యాద. భూమి గురించిన ఏ మాటైనా ఆ పళ్లెం తర్వాతే మొదలవుతుంది.

రాటెంగారోకు నది అవతల వాయ్న్యాపు అనే ఊరు ఉంది. అక్కడ ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసోలా జరుగుతుంది, రౌతులు ఎదురెదురుగా గుర్రాల మీద దూసుకొస్తూ మొద్దు ఈటెలు విసురుకుంటారు. దానికి ముందు, తెల్లవారుజామున, 'రాటో' అనే పూజారులు సముద్రపు ఒడ్డుకు వెళ్లి 'న్యాలె' అనే సముద్రపు పురుగులు ఎంత వచ్చాయో చూసి పంట ఎలా ఉంటుందో చెబుతారు. 2016 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు ప్రకారం పోటు గీత నుంచి కనీసం 100 మీటర్ల వరకు తీరాన్ని రక్షిత మేరగా వదలాలి. ఊరి నుంచి ఆ మేర దాకా వెళ్లే కాలిబాట ఎవరి స్థలం గుండా పోతుందన్నదే ఇప్పుడు కొలతలు వేసేవారికీ, రాటోలకూ మధ్య తేలవలసిన విషయం.