లైవ్ రేటు వెనుక కథ

పేపర్లో చికెన్ ధర మూడు రకాలుగా పడుతుంది: లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. ఆదివారం హైదరాబాద్‌లో ఏ గల్లీ దుకాణం ముందు నిలబడినా ఆ మూడూ కళ్లముందే జరుగుతాయి. "అది కాదన్నా, ఆ వెనకది ఇయ్యి, హుషారుగుంది" అని బోనులోకి వేలు చూపించిన మనిషే, తూకమయ్యి కోడి డ్రమ్ములో పడి కొట్టుకుంటుంటే ఫోన్ తీసి అటు తిరుగుతాడు. కొనేటప్పుడు ప్రాణం కనబడాలి, పోయేటప్పుడు కనబడకూడదు.

ఈ అలవాటు ఫ్రిజ్ లేని కాలానిది. బతికున్నదాన్ని చూసి కొంటే మోసం ఉండదని నమ్మకం. హలాల్ పాటించే ఇళ్లకు కోసింది ఎవరో, ఎలాగో కూడా తెలియాలి. అప్పట్లో కోడి కూర అంటే పండక్కో, అల్లుడొస్తేనో. పెంచిన ఇంట్లోనే కోసేవారు. పిల్లలు ఏడ్చేవారు, తర్వాత తినేవారు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి.రావు వంటివారి చొరవతో ఫారం కోళ్లు పెరిగాయి. పేరు పెట్టి పిలవని కోడి వారం వారం వంటింటికి రావడం మొదలైంది. జాలి తగ్గిందనను, దానికి చోటు తగ్గింది.

చట్టానిదీ ఇదే తడబాటు. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టాక 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. తిండి కోసం చంపడాన్ని 11వ సెక్షన్ నేరమనదు, అనవసరమైన బాధ పెడితేనే అంటుంది. ఏది అవసరమైన బాధో ఎవరు తేల్చాలి? 2001 నాటి కబేళా నిబంధనలైతే ఒక జంతువు చూస్తుండగా మరొకదాన్ని కోయొద్దన్నాయి. గల్లీ దుకాణంలో బోనుకీ కత్తికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు.

2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక జాలికి భయం తోడైంది. 2020 ఫిబ్రవరిలో కరోనా పుకార్లు ముదిరితే తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. వదంతులు సద్దుమణిగాక మళ్లీ అదే బోను, అదే వరుస.

చేపల దగ్గర మాత్రం ఈ గొడవే లేదు. గాలి పీల్చగలిగే కొరమీను కాసిన్ని నీళ్లున్న తొట్టెలో గంటలకొద్దీ బతుకుతుంది, అందుకే బేగంబజార్‌లో దానికంత గిరాకీ. మృగశిర కార్తె నాడు మరీనూ. 1960 చట్టం ప్రకారం మనిషి కాని ప్రాణి ఏదైనా జంతువే, తొట్టెలో ఎగిరే కొరమీను సహా. అక్కడ ఫోన్ తీసి అటు తిరిగేవాళ్లు తక్కువ. "ముక్కలు పెద్దగా కొట్టు" అని దగ్గరుండి చెప్పేవాళ్లే ఎక్కువ.