మొదటి లోక్‌సభ సభ్యులు, సారథులు: అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే వారికి పార్లమెంటరీ వ్యవస్థను చాలా ఏళ్లుగా బోధిస్తున్నాను. 1952 నాటి మొదటి లోక్‌సభ గురించి అడిగినప్పుడు వచ్చే తప్పు జవాబులలో ఎక్కువ భాగం చదవకపోవడం వల్ల వచ్చినవి కావు. నేటి సభ ఎలా ఉందో నాటి సభ కూడా అలాగే ఉండి ఉంటుందనే నమ్మకమే వాటికి మూలం. ఆ సభను దాని కాలంలో నిలిపి చూడటం మన విద్యార్థులకు అలవాటు కావాలన్నది నా కోరిక.

అపోహ: 489 మంది సభ్యులు 489 నియోజకవర్గాల నుంచి ఎన్నికయ్యారు.

వాస్తవం: నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 314 ఏకసభ్య స్థానాలు, 86 ద్విసభ్య స్థానాలు; ఉత్తర బెంగాల్ ఒక్కటే ముగ్గురిని పంపిన నియోజకవర్గం. ద్విసభ్య స్థానాలలో సాధారణంగా ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకో తెగలకో కేటాయించి, రెండవది అందరికీ తెరిచి ఉంచేవారు. ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి, కానీ రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయడానికి వీలుండేది కాదు.

ఈ ఏర్పాటు తెలియకపోతే మనకు బాగా పరిచయమైన ఒక విషయం కూడా సగమే అర్థమవుతుంది. నల్లగొండలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టులు పోటీ చేసిన వేదిక) అభ్యర్థి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571 వచ్చాయి. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు అన్న మాట నిజమే. అయితే నల్లగొండ ద్విసభ్య స్థానమనీ, అక్కడి నుంచి సుంకం అచ్చాలు కూడా ఎన్నికయ్యారనీ, నెహ్రూ గెలిచిన అలహాబాద్ తూర్పు - జౌన్‌పూర్ పశ్చిమ నియోజకవర్గం కూడా ద్విసభ్య స్థానమే అనీ, అక్కడ రెండవ విజేత మసూరియా దీన్ అనీ చెప్పేవారు తక్కువ. రెండూ ఒకే కోవకు చెందిన స్థానాలు కాబట్టి పోలిక నిలుస్తుంది. ఏకసభ్య స్థానాల ఓట్లతో పోల్చినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం.

ద్విసభ్య పద్ధతిలోని చిక్కు 1957 ఎన్నికలలో పార్వతీపురంలో బయటపడింది. షెడ్యూల్డ్ తెగలకు చెందిన ఇద్దరు అభ్యర్థులు అత్యధిక ఓట్లు సాధించడంతో, ఒకరికి రిజర్వుడు సీటు, మరొకరైన డిప్పల సూరిదొరకు జనరల్ సీటు దక్కాయి. మొదటి లోక్‌సభలో పాతపట్నం సభ్యుడైన వి.వి.గిరి ఓడిపోయారు. ఆయన వేసిన కేసులో, రిజర్వుడు వర్గానికి చెందిన అభ్యర్థి జనరల్ సీటును కూడా గెలవవచ్చని సుప్రీంకోర్టు 1959లో తేల్చింది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను రద్దు చేశారు. మొదటి సభ సభ్యత్వం గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ తీర్పును వదిలేయడం నాకు ఎన్నడూ ఇష్టం ఉండదు.

అపోహ: సభ్యులందరూ ప్రజలు నేరుగా ఎన్నుకున్నవారే.

వాస్తవం: కాదు. జమ్మూకశ్మీర్ ప్రతినిధులు ఆరుగురిని ఆ రాష్ట్ర శాసనసభ సిఫారసుపై రాష్ట్రపతి నియమించారు. వీరికి తోడు ఇద్దరు ఆంగ్లో-ఇండియన్లు, అండమాన్ నికోబార్ నుంచి ఒకరు, అస్సాంలోని 'బి' భాగపు గిరిజన ప్రాంతాల నుంచి ఒకరు నామినేట్ అయ్యారు. కశ్మీర్‌లో లోక్‌సభకు ప్రత్యక్ష ఎన్నికలు 1967లో గాని జరగలేదు.

అపోహ: డాక్టర్ అంబేద్కర్ మొదటి లోక్‌సభలో న్యాయశాఖ మంత్రి.

వాస్తవం: ఆయన 1951లోనే మంత్రి పదవికి రాజీనామా చేశారు. బొంబాయిలో 1952లోను, భండారా ఉప ఎన్నికలో 1954లోను ఓడిపోయారు. ఆయన కూర్చున్నది రాజ్యసభలో.

అపోహ: మావలంకర్ ఏకగ్రీవంగా స్పీకర్ అయ్యి, ఐదేళ్లూ కొనసాగారు.

వాస్తవం: 1952 మే 15న ఓటింగ్ జరిగింది. ప్రతిపక్షాలు శంకర్ శాంతారామ్ మోరేను నిలిపాయి. మావలంకర్ పేరుకు అనుకూలంగా 394, వ్యతిరేకంగా 55 ఓట్లు పడ్డాయి. 1954 డిసెంబరులో ఆయనను తొలగించాలనే తీర్మానం కూడా సభ ముందుకు వచ్చి వీగిపోయింది. ఆ చర్చకు డిప్యూటీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించారు. మావలంకర్ 1956 ఫిబ్రవరి 27న మరణించగా, మార్చి 8న అయ్యంగార్ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. తెలుగువారు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. అయ్యంగార్ తిరుపతి నుంచి గెలిచినప్పుడు ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉంది, స్పీకర్ అయ్యేనాటికి ఆంధ్ర రాష్ట్రంలో ఉంది, సభ రద్దయ్యేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఒకే పదవీకాలంలో ఒకే సభ్యుడి నియోజకవర్గం మూడు రాష్ట్రాలలో ఉండటం వల్లనే ఆ కాలపు జాబితాలలో రాష్ట్రాల పేర్లు ఒకదానితో ఒకటి సరిపోలవు. దాన్ని అచ్చుతప్పు అనుకోకూడదు. అయ్యంగార్ స్థానంలో డిప్యూటీ స్పీకర్‌గా వచ్చిన సర్దార్ హుకుంసింగ్ అప్పటికి ప్రతిపక్ష సభ్యుడు.

అపోహ: ఎ.కె.గోపాలన్ మొదటి లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు.

వాస్తవం: ఇది దాదాపు ప్రతి తరగతిలోనూ వినిపించే జవాబు. గోపాలన్ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు. ఆ పక్షం కాంగ్రెసేతర పార్టీలలో పెద్దది కూడా. అయినా ఎన్నికలలో కాంగ్రెస్ 364 స్థానాలు గెలుచుకోగా, కమ్యూనిస్టు పార్టీకి వచ్చినవి 16. పార్టీగా గుర్తింపు పొందాలంటే కనీసం కోరానికి, అంటే సభలో పదో వంతుకు, సరిపడే సంఖ్యాబలం ఉండాలని మావలంకర్ నిర్దేశించారు. కాంగ్రెసేతర పక్షాలలో ఒక్కటీ ఆ సంఖ్యను అందుకోలేదు. లోక్‌సభలో అధికారికంగా గుర్తింపు పొందిన తొలి ప్రతిపక్ష నాయకుడు 1969లో రామ్ సుభగ్ సింగ్. ఆ పదవికి జీతభత్యాలు కల్పించిన చట్టం 1977లో వచ్చింది. కాబట్టి జవాబుపత్రంలో గోపాలన్ పేరు పక్కన 'కమ్యూనిస్టు పక్ష నాయకుడు' అని రాయండి. ప్రతిపక్ష నాయకుడు ఎవరని అడిగితే, ఆ సభలో గుర్తింపు పొందిన నాయకుడు ఎవరూ లేరని రాయండి.