కొట్టివేత ఉన్న పేజీ

ఇంటర్ అమ్మాయి ఫిజిక్స్ రికార్డు రాస్తోంది. లోలకం బొమ్మలో గీత కాస్త పక్కకు పోయింది. రబ్బరుతో చెరిపితే మరక మిగిలింది. పేజీ చింపి మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి రాసేసరికి రాత్రి పదకొండైంది, రేపటి కెమిస్ట్రీ టెస్టుకు పుస్తకమే తెరవలేదు. చూసేవాళ్లు ‘ఎంత శ్రద్ధో!’ అంటారు. శ్రద్ధ అయితే ‘గీత వంకర పోయింది’ దగ్గర ఆగుతుంది. పర్ఫెక్షనిజం, అంటే ఏ చిన్న తప్పూ దొర్లకూడదన్న పట్టుదల, ‘నేనింతే, దేనికీ పనికిరాను’ దాకా వెళ్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మానసిక పరిశోధకులు షఫ్రాన్, కూపర్, ఫెయిర్‌బర్న్ 2002లో ఈ తేడానే పట్టుకున్నారు. లక్ష్యం పెద్దదా చిన్నదా అన్నది కాదు, తన విలువంతా ఆ లక్ష్యానికే తాకట్టు పెట్టడమే జబ్బు మూలమన్నారు. లక్ష్యం తప్పితే ఆ అమ్మాయి తనను తాను తిట్టుకుంటుంది. అందుకుంటే ‘పేపరు సులువుగా వచ్చిందిలే’ అని కొట్టిపారేసి, ఈసారి లక్ష్యం ఇంకా పెంచుతుంది. అంటే గెలుపు ఖాతాలో ఎప్పుడూ జమ కాదు. తొంభై ఎనిమిది వచ్చినా ఊరట మర్నాటికి మిగలకపోవడానికి కారణం ఇదే. మరిన్ని మార్కులు దీనికి మందు కావు.

పర్ఫెక్షనిజంలో మన మీద మనమే పెట్టుకునే ఒత్తిడి ఒక రకం, ఎదుటివాళ్లు తప్పే చేయకూడదని పట్టుబట్టడం ఇంకోటి. ‘నేను తప్పు చేస్తే అందరూ చులకన చేస్తారు’ అన్నది మూడోది. 1991లో హెవిట్, ఫ్లెట్ అనే మనస్తత్వ పరిశోధకులు ఈ మూడింటినీ విడదీసి కొలిచారు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 1989–2016 మధ్య ఈ కొలతల్లో కాలేజీ విద్యార్థుల స్కోర్లు పోల్చి చూస్తే అన్నిటికంటే ఎక్కువ పెరిగింది మూడోదే. ‘మిగతా రెండు మార్కులు ఎక్కడ పోయాయి?’ అని నవ్వుతూనే అడిగే ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని రుచి తెలుసు.

దీన్నుంచి బయటపడాలంటే ముందు కాగితం మీద ఒక గుండ్రం గీయండి. మీ విలువను మీరు దేనితో కొలుస్తున్నారో దాన్ని ముక్కలుగా పంచండి: చదువు, స్నేహాలు, ఇంటిపని, ఆట, పాట. ఒక్క ముక్కే సగం దాటేస్తే, అక్కడ దెబ్బ తగిలిన రోజు పట్టుకోడానికి ఇంకేమీ మిగలదు. చిన్న ముక్కల్లో ఒకదానికి వారంలో రెండు గంటలు ఇవ్వండి. అందులో మళ్లీ ఫస్టు రావాలని చూడకండి, చాలామంది జారేది అక్కడే.

తర్వాత, భయపడినంతా నిజంగా జరుగుతుందో లేదో చూసే ప్రయోగం. రికార్డులో ఒక కొట్టివేత ఉంచి ఇవ్వాలి. ఇచ్చేముందే రాసి పెట్టుకోండి: ‘సార్ అందరి ముందూ తిడతారు, 80 శాతం నమ్మకం.’ ఇచ్చాక జరిగిందేమిటో పక్కనే రాయండి. పబ్లిక్ పరీక్షతో మాత్రం మొదలుపెట్టొద్దు. పోయినా పెద్దగా నష్టం లేని పనే తీసుకోవాలి. కొట్టివేత వదిలేసి, దానికి బదులు మిగతా పేజీలన్నీ ముత్యాల్లా రాసినా, ‘బాగానే ఉందా?’ అని ఫ్రెండ్‌ను పదిసార్లు అడిగినా ప్రయోగం చెడినట్టే. భయం దొడ్డిదారిన తప్పించుకుంది.

నిద్ర, తిండి దెబ్బతింటున్నా, చావు ఆలోచనలు వస్తున్నా ఈ ప్రయోగాలతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మరి సార్ నిజంగానే తిడితే? అదీ రాయాల్సిందే: ఎంతసేపు తిట్టారు, బాధ ఎన్ని గంటలుంది, ఆ సాయంత్రం అన్నం తిన్నారా, ఫ్రెండ్ మాట్లాడిందా.